అగ్నిమాపక దళం ఎవరి అధీనంలో ఉంది?

ముంబయిలో పోలీసు శాఖ రాష్ట్ర ప్రభుత్వానిది. అగ్నిమాపక దళం బృహన్ముంబయి మహానగర పాలికది. 1888 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం దళ నిర్వహణను పాలిక ఇష్టానికి వదలక, విధిగా నిర్దేశించింది. కావున దళ వ్యయానికి ఆమోదం తెలిపేదీ, లోపాలపై అధికారులను ప్రశ్నించవలసినదీ మీరు ఎన్నుకొన్న కార్పొరేటర్లే. దొంగతనం గురించి వారిని నిలదీసి ప్రయోజనం లేదు. మెట్ల దారికి అడ్డుగా పేర్చిన సామాను గురించి మాత్రం నిస్సంకోచంగా ఫిర్యాదు చేయవచ్చు.

చాలామందికి తెలియని నిబంధన ఒకటుంది. 2006 నాటి మహారాష్ట్ర అగ్ని నివారణ, ప్రాణరక్షణ చర్యల చట్టం తన పరిధిలోని ఎత్తైన నివాస భవనాల, వాణిజ్య భవనాల యజమానులపై గాని, అందులో ఉంటున్నవారిపై గాని ఒక బాధ్యత మోపింది. ఏటా జనవరిలోను, జులైలోను లైసెన్సు పొందిన ఏజెన్సీ చేత అగ్నిమాపక పరికరాలను తనిఖీ చేయించి, అవి పనిచేస్తున్నట్లు దళ ప్రధానాధికారికి ధ్రువపత్రం సమర్పించాలి. గోడకు ఎర్రని సిలిండరు వేలాడుతున్నంత మాత్రాన చాలదు. లోపాలుంటే నోటీసు ఇచ్చే అధికారం, పరిస్థితి తీవ్రమైతే విద్యుత్తు, నీటి సరఫరాలను నిలిపివేయించే అధికారం ఆయనకు ఉన్నాయి.

ఈ ధ్రువపత్రాన్ని చూపమని మీ సొసైటీ కార్యదర్శిని అడగండి. అద్దెకున్నవారు సంకోచించనక్కరలేదు, పొగకు సొంతిల్లు, అద్దె ఇల్లు అన్న భేదం లేదు కదా! పత్రం లేదన్న సమాధానం వస్తే దళానికి లిఖితపూర్వకంగా తెలపండి. నిప్పు రాజుకొన్నప్పుడు మాత్రం లేఖలు కాదు, తక్షణం 101కు ఫోను చేయాలి.