జంతువుల తెలివి – మనిషి కొలత

సంక్రాంతి వచ్చిందంటే మన ఊళ్లకు గంగిరెద్దులవాళ్లు వస్తారు. "అయ్యగారికి దండం పెడతావా?" అని అడగగానే బసవన్న తల ఊపుతుంది. దానికి మాట అర్థమైందా? చిన్నప్పుడు మా నాయనను ఇదే అడిగాను. "మాటను కాదు బిడ్డా, అది మనిషిని చూస్తది" అన్నాడు. బడి ముఖం చూడని, నాగలి పట్టిన మనిషి. ఈ ఒక్క మాట తేల్చడానికి శాస్త్రవేత్తలు ఎంత శ్రమపడ్డారో ఎం.ఎస్సీ. జంతుశాస్త్రంలో చేరాకే నాకు తెలిసింది.

మనిషి మనసుకూ జంతువుల మనసుకూ ఉన్న తేడా ఎక్కువ తక్కువల్లోనే తప్ప రకంలో కాదని 1871లో డార్విన్ రాశాడు. చిన్న కారణంతో తేలిపోయే పనికి పెద్ద తెలివిని అంటగట్టవద్దని 1894లో లాయిడ్ మోర్గాన్ హెచ్చరించాడు. 1898లో అమెరికాలో థార్న్‌డైక్ పిల్లులను పెట్టెల్లో ఉంచి, అవి తలుపు తీసుకొని బయటపడే సమయాన్ని లెక్కగట్టాడు. అవి ఆలోచించి కాదు, పదేపదే ప్రయత్నించి నేర్చుకుంటున్నాయని తేల్చాడు.

అప్పుడే బెర్లిన్‌లో హన్స్ అనే గుర్రం పేరు మారుమోగింది. లెక్క అడిగితే జవాబు ఎంతో అన్నిసార్లు గిట్టతో నేలను తట్టేది. 1904లో 13 మంది సభ్యుల సంఘం పరిశీలించి, ఇందులో మోసం లేదంది. తర్వాత ఆస్కార్ ఫుంగ్స్ట్ ఓపికగా పరీక్షించి 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోయినా, అతను గుర్రానికి కనిపించకపోయినా హన్స్ తప్పేది. సరైన లెక్క దగ్గరికి రాగానే అడిగేవాడి తల తనకు తెలియకుండానే కాస్త కదిలేది. గుర్రం అది చూసి ఆగేది. మా నాయన చెప్పింది ఇదే కదా!

మరి జంతువులకు తెలివి లేదనా? కాదు. 1960లో చింపాంజీలు గడ్డిపుల్లతో చెదపురుగులను బయటికి లాగి తినడం జేన్ గుడాల్ చూసింది. 2009లో కాకి జాతి పక్షులు గొట్టంలో రాళ్లు వేసి నీళ్లు పైకి తెచ్చుకున్నాయి. మనం చదివిన కాకి కథ ప్రయోగశాలలో నిజమైంది.

హన్స్ నేర్పిన పాఠం ఇంకా ముందుకు పోయింది. 1963లో రోసెంతాల్, ఫోడ్ ఒకే రకం ఎలుకలను విద్యార్థులకు పంచారు. కొందరికి "ఇవి చురుకైనవి", మరికొందరికి "ఇవి మందమైనవి" అని చెప్పారు. చురుకైనవన్న ఎలుకలే దారి బాగా నేర్చాయి! వాటిని విద్యార్థులు ప్రేమగా పట్టుకున్నారు. 1968లో రోసెంతాల్, జాకబ్సన్ బడిపిల్లల మీద కూడా ఇలాంటి ఫలితమే ప్రకటించారు. ఆ ప్రభావం అంత పెద్దది కాదని తర్వాత వాదనలు వచ్చాయి గాని, టీచరు నమ్మకానికి విలువ లేదని తేలలేదు.

తమ్ముళ్లూ, ఏడో తరగతిలో ఒక సారు "హాస్టల్ పిల్లలకు లెక్కలు రావు" అని మమ్మల్ని వెనక బెంచీలో కూర్చోబెట్టాడు. నేనూ నిజమే అనుకున్నాను. రాత్రిపూట డిగ్రీ చదివే ఒక అన్న వచ్చి "నీకొస్తది, చెయ్" అని పక్కన కూర్చునేవాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ అలా వచ్చింది.

మీ తెలివిని ఎవరైనా తేల్చేస్తే, ఎలా కొలిచారని అడగండి. రేపు మీరు టీచరైతే, మీ ముందున్న పిల్లలను ఏ నమ్మకంతో చూస్తున్నారో ముందు మిమ్మల్ని మీరే అడగండి.