ముందు చంపినవాడిదే బ్రతుకా? : ప్రళయానంతర గాథలు - ఇస్లామీ ధర్మం

లోకం అంతమైన తరువాత మిగిలిన కొద్దిమంది మనుషుల గాథలు నేడు విరివిగా వెలువడుతున్నాయి. అణుయుద్ధమో, మహమ్మారియో, మహా జలప్రళయమో సంభవిస్తుంది. ప్రభుత్వం ఉండదు, న్యాయస్థానం ఉండదు, బజారు ఉండదు. మిగిలిన తిండి కొద్ది, ఆకలిగొన్నవారు అనేకులు. కథానాయకుడు భార్యాబిడ్డలతో ఒక పాడుపడిన ఇంట తలదాచుకొని ఉంటాడు. దూరాన ఒక అపరిచితుడు కనబడతాడు. అతడు దాహమై వస్తున్నాడో, దోచుకొనడానికి వస్తున్నాడో తెలియదు. తెలుసుకొనే వరకు ఆగితే ఆలస్యమైపోవచ్చు. అటువంటప్పుడు ముందుగానే కాల్చివేయవచ్చునా? ఈ గాథలలో ఏదో ఒక రూపాన ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. రానున్న హానిని ఊహించి, అది రాకముందే ఎదుటివాని ప్రాణం తీయడాన్ని ఈ వ్యాసంలో 'ముందస్తు హింస' అని వ్యవహరిద్దాము.

ఇది కాలక్షేపపు కథల వ్యవహారమని త్రోసిపుచ్చరాదు. 'నేను ముందు కొట్టకపోతే వాడు నన్ను కొడతాడు' అన్న మాట కథలో సహజంగా వినిపిస్తుంది. అదే మాట వీధిలో వినిపించినప్పుడు నిరపరాధి ప్రాణం పోతుంది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి మొబైల్ ఫోన్ల ద్వారా తెలంగాణ అంతటా ప్రాకింది. ఆ రోజులలోనే హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్ట ప్రాంతంలో, రంజాన్ మాసంలో యాచించుకొనడానికి పొరుగూరి నుండి వచ్చిన హిజ్రాలపై ఒక గుంపు విరుచుకుపడింది. వారిలో ఒకరు మరణించారు. అక్కడ ప్రళయం రాలేదు. పోలీసులున్నారు, న్యాయస్థానాలున్నాయి, చుట్టూ మసీదులున్నాయి. భయం మాత్రం కథలలోని భయమే. కనుక ఈ విషయమై మన ధర్మశాస్త్రం ఏమి చెప్పుచున్నదో నిదానంగా పరిశీలించడం అవసరం.

కథకునికి గల సౌకర్యం

ముందుగా ఒక సంగతి గమనించాలి. కథలో అపరిచితుని మనస్సు రచయితకు తెలుసు. అతడు దుర్మార్గుడేనని రచయిత నిర్ణయించుకొని, తరువాతి పుటలో అతని జేబులో నుండి కత్తి బయటికి తీయిస్తాడు. అది చూసి పాఠకుడు, 'మంచిపని చేశాడు, చంపకపోతే తానే చచ్చేవాడు' అని తృప్తి పడతాడు. హత్య జరిగిన తరువాత దొరికిన రుజువు హత్యకు ముందున్న అజ్ఞానాన్ని కప్పివేస్తుంది. నిజజీవితంలో మనకు అటువంటి పుట లేదు. చంపినవానికి తెలిసినది తన భయం ఒక్కటే.

ఉత్తమ రచయితలు ఈ సౌకర్యాన్ని వాడుకొనరు. అమెరికా రచయిత కార్మాక్ మెకార్తీ 2006లో ప్రచురించిన 'ది రోడ్' అనే నవలలో, నాశనమైన దేశంలో ఒక తండ్రి, అతని చిన్న కుమారుడు నడిచిపోతుంటారు. తండ్రి ఎవరినీ నమ్మడు. ఆ నవలలో నరమాంసభక్షకులు కూడ ఉన్నారు గనుక అతని భయం నిరాధారమైనది కాదు. అయినను, తమ సామాను దొంగిలించినవానిని పట్టుకొని, ఒంటి మీది బట్టలతో సహా ఊడబెరికి చలిలో వదిలివేసినప్పుడు కుమారుడు ఏడుస్తాడు. తండ్రి మరలి వెళ్ళి ఆ బట్టలు దారిలో వదిలి వస్తాడు. చివరకు తండ్రి మరణించిన తరువాత ఆ పిల్లవాడు బ్రతికి బయటపడినది ఒక అపరిచితుని నమ్మడం వల్లనే. తండ్రి జాగ్రత్త అతనిని అంతవరకు తీసుకువచ్చింది. ఆపైన ఆ జాగ్రత్త ఒక్కటే చాలలేదు.

ఫిరౌన్ భయం, ఖిజర్ జ్ఞానం

దివ్య ఖుర్ఆన్‌లో బాలుర వధను గురించిన రెండు వృత్తాంతాలు మన చర్చకు మూలాధారాలు. మొదటిది ఫిరౌన్ వృత్తాంతం. ఇస్రాయీల్ సంతతివారి మగశిశువులను అతడు చంపించేవాడు. వారి వల్ల తన రాజ్యానికి ముప్పు వాటిల్లుతుందని అతడు భయపడ్డాడు. ఆ శిశువులు ఏ నేరమూ చేయలేదు. రేపు ఏమి చేస్తారోనన్న అనుమానమే వారి నేరం. ముందస్తు హింసకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ లేదు. దాని ఫలితం కూడ ఖసస్ సూరా తెలియజేస్తున్నది. ఏ శిశువును గురించి అతడు భయపడ్డాడో, ఆ మూసా (అలై) అతని ఇంటనే పెరిగారు.

రెండవది కహఫ్ సూరాలోని వృత్తాంతం. మూసా (అలై) ఒక దైవదాసుని వెంట ప్రయాణం చేస్తారు. హదీసులు ఆయనను ఖిజర్ (అలై) అని పేర్కొన్నవి. ఆయన త్రోవలో ఒక బాలుని చంపుతారు. మూసా (అలై) సహించలేక తీవ్రంగా ఆక్షేపిస్తారు. ఆ బాలుడు పెరిగితే తన తల్లిదండ్రులను అధర్మంలోకి, కష్టాలలోకి నెట్టేవాడని తరువాత ఆయన వివరించారు. పైపైన చూచినవారికి ఇది ముందస్తు హింసకు అనుమతివలె కనిపించవచ్చు. కాని తాను ఆ పని తన ఇష్టానుసారం చేయలేదని ఖిజర్ (అలై) స్వయంగా చెప్పియున్నారు. భవిష్యత్తును గురించిన జ్ఞానం ఆయనకు అల్లాహ్ నుండి లభించినది. ఆ జ్ఞానం లేనివారికి వర్తించే ధర్మమేదో మూసా (అలై) ఆక్షేపణలోనే ఉన్నది.

ఈ వృత్తాంతాన్ని ప్రమాణంగా చూపాలనుకొనేవారికి సహాబాల కాలంలోనే సమాధానం లభించింది. ఖారిజీల నాయకుడైన నజ్దా, శత్రువుల పిల్లలను చంపవచ్చునా అని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) గారికి లేఖ వ్రాశాడు. దైవప్రవక్త (స) పిల్లలను చంపేవారు కారని, కనుక నీవును చంపరాదని ఆయన జవాబు వ్రాయించారు. ఆ బాలుని గురించి ఖిజర్‌కు తెలిసినది నీకును తెలిసియుంటే తప్ప, అని కూడ చేర్చారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉన్నది. ఆ షరతు నెరవేరేది కాదని ఉభయులకూ తెలుసు. అనగా ఆ ద్వారం మూసివేయబడినదని భావం. కథారచయిత తన నాయకునికి చల్లగా అందజేసేది ఈ ఖిజర్ జ్ఞానమే. పాఠకుడు ఆ కథలో నుండి భయాన్ని మాత్రమే ఇంటికి తెచ్చుకొంటున్నాడు.

ఇమామ్ గజాలీ చెప్పిన ఓడ

ప్రాణసంకటంలో పడిన మనుషుల ఊహాకథలు మన పండితులకు క్రొత్తవి కావు. హిజ్రీ 505లో, అనగా క్రీ.శ. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తమ 'అల్ ముస్తస్ఫా' గ్రంథంలో ఒక మునిగిపోతున్న ఓడను గురించి చర్చించారు. ఒక్కరిని సముద్రంలో పడవేస్తే తక్కినవారందరూ బ్రతుకుతారు, లేకుంటే అందరూ మునుగుతారు. అయినను పడవేయరాదని ఆయన నిర్ణయం. ఆకలితో మాడుతున్న ఒక గుంపు చీట్లు వేసి తమలో ఒకరిని తినవచ్చునా అన్నదానికి కూడ అదే సమాధానం.

ఆయన ఒకే ఒక సందర్భంలో భిన్నంగా ఆలోచించారు. శత్రుసేన ముస్లిము ఖైదీలను డాలువలె ముందు నిలుపుకొని దండెత్తి, యావత్ సమాజాన్ని నిర్మూలించబోతున్న సందర్భమది. అక్కడ కూడ మూడు షరతులు పెట్టారు. అది అనివార్యమై ఉండాలి. ముప్పు అనుమానంగా గాక నిశ్చయంగా ఉండాలి. అది కొందరికి గాక యావత్ సమాజానికి సంబంధించినదై ఉండాలి. ఓడలోని వారు ఎంతమందియైనా వారు యావత్ సమాజం కారు. దూరాన కనిపించిన అపరిచితుని విషయంలో ఈ మూడింటిలో ఒక్కటియు లేదు.

ఆత్మరక్షణ, దాని మెట్లు

అయితే ముస్లిము చేతులు కట్టుకొని చావవలసినదేనా? కాదు. దాడి చేయవచ్చినవానిని ఎదుర్కొనే హక్కును మన ఫిఖ్హ్ గ్రంథాలు విపులంగా గుర్తించాయి. తన సొత్తును లాక్కొనవచ్చిన వానిని గురించి ఒకరు అడిగినప్పుడు దైవప్రవక్త (స) సొత్తు ఇవ్వవద్దన్నారు. వాడు పోరాడితే పోరాడమన్నారు. ఆ పోరాటంలో మరణించినవాడు షహీద్ అన్నారు. ఇక్కడి వరుస గమనింపదగినది. పోరాటం ఎదుటివాని వైపు నుండి మొదలైనది.

షాఫయీ మజ్హబ్‌కు చెందిన ఇమామ్ నవవీ (రహ్మ) 'మిన్హాజ్'లో ఈ రక్షణను మెట్లుగా వివరించారు. మాటతోనో, కేక వేసి ఇతరులను పిలవడంతోనో వాడు ఆగిపోయేటట్లుంటే కొట్టరాదు. చేతితో ఆపగలిగితే కొరడా ఎత్తరాదు. కొరడా చాలినచోట కర్ర వాడరాదు. అవయవానికి గాయం చేసి ఆపగలిగినప్పుడు చంపరాదు. దెబ్బ తగిలేవరకు కాచుకొని ఉండనక్కరలేదు. కత్తి దూసి మీదికి వచ్చేవాని ఉద్దేశం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. అట్టి స్పష్టమైన సూచనకును, ఉత్త ఊహకును మధ్య గల తేడాయే ఆత్మరక్షణకును ముందస్తు హింసకును మధ్య గల తేడా.

సూచన లేనిచోట చేయవలసినది విచారణ. నిసా సూరాలోని ఒక ఆయతు, మార్గంలో ఎదురై సలాం చేసిన అపరిచితుని విషయంలో నిజం తెలుసుకొనకుండా చేయిచేసుకొనరాదని ఆదేశిస్తున్నది. హజ్రత్ ఉసామా (రజి) యుద్ధంలో ఒకనిని అతడు కలిమా పలికిన తరువాత చంపారు. ప్రాణభయంతో పలికాడని ఆయన వాదన. అతని హృదయాన్ని చీల్చి చూశావా అని దైవప్రవక్త (స) నిలదీశారు. యుద్ధభూమిలో, కత్తి చేతనున్న శత్రువు విషయంలోనే ఇంత నిర్బంధముంటే, ఇంటి గుమ్మం ముందు నిలిచిన ఆకలిగొన్నవాని సంగతి చెప్పనక్కరలేదు.

బొల్లారం వంటి కంటోన్మెంటు ప్రాంతాలవారికి 'హుకుందార్' అన్న మాట క్రొత్త కాదు. చీకటిలో మనిషి అలికిడి వినగానే కాపలా సిపాయి ముందు తుపాకి పేల్చడు. ఎవరక్కడ అని కేక వేస్తాడు. సైనికుని చేత కూడ మొదట ఆ ప్రశ్న వేయించిన నియమం, ప్రాణం విలువను గుర్తించిన నియమమే.

కొందరికి ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. ఈ నియమాలన్నీ ప్రభుత్వం ఉన్నప్పటి మాట, అది నశించిన తరువాత ఎవరి చట్టం, అని. షరీఅత్ మనిషిని బంధించడానికి పోలీసు ఠాణా అవసరం లేదు. ఎడారిలో ఒంటరిగా ఉన్నవానిపై నమాజ్ విధి తొలగిపోనట్లే, హత్యానిషేధమూ తొలగిపోదు. పైన చెప్పిన ఎడారి మార్గంలోను, గజాలీ ఓడలోను ఖాజీ లేడు. అవసరం నిషిద్ధాన్ని సడలించగలదు. ఆకలితో చావబోయేవాడు ప్రాణం నిలిచేంత వరకు నిషిద్ధ ఆహారం తినవచ్చు. ఆపదలో పరుని ఆహారం తీసుకొంటే, తరువాత దాని విలువ చెల్లించాలి. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869-1876 మధ్య కూర్చబడిన 'మజల్లా' ధర్మసంహిత దీనిని సూత్రంగానే పొందుపరచింది. ఒకని అవసరం మరొకని హక్కును రద్దు చేయదని దాని సారాంశం. రొట్టె విషయంలోనే ఇట్లుండగా, ప్రాణం విషయంలో అవసరాన్ని సాకుగా చూపడం ఎట్లు చెల్లుతుంది?

మన నేల మీది కథ, మన నేల మీది చరిత్ర

ప్రళయానంతర గాథ ఇప్పుడు తెలుగులోకి కూడ వచ్చింది. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్‌లో విడుదలైన 'కల్కి 2898 ఏడీ' చిత్రంలో భూమి ఎండిపోయి కాశీ ఒక్కటే మహానగరంగా మిగిలి ఉంటుంది. దాని కథావిశ్వాసాలు మనవి కావు. కాని అందులో అశ్వత్థామ పాత్ర మన చర్చకు పనికివస్తుంది. భారత కథలో అతడు నిద్రించుచున్న ఉపపాండవులను చంపి, పాండవ వంశం మిగలకుండా ఉత్తర గర్భంలోని శిశువుపైకి అస్త్రం వదిలినవాడు. ఇంకను పుట్టని శత్రువును చంపబోయినవాడు. ఈ చిత్రంలో అతనికే ఒక గర్భస్థ శిశువును కాపాడే బాధ్యత అప్పగించబడింది. పుట్టనివానిని నేరస్థునిగా ఎంచడం ఘోరమన్న సంగతి మన పొరుగువారి పురాగాథలలో కూడ గుర్తించబడినదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక చరిత్ర. 1948లో హైదరాబాదు సంస్థానపు ప్రజలకు తాము ఎరిగిన లోకం నిజంగానే అంతమైనట్లు తోచింది. కమ్యూనిస్టులకు, కాంగ్రెసువారికి ఆశ్రయమిస్తున్నారన్న అనుమానం మీద రజాకార్లు గ్రామాలపై పడి నిరాయుధులను కూడ చంపారు. ఇది చెప్పుకొనడానికి మనం సంకోచింపరాదు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 18న సంస్థాన సైన్యం లొంగిపోయింది. ఆ తరువాత రజాకారు ఎవరో, కానివారెవరో విచారించకుండా ముస్లిములపై హత్యాకాండ జరిగింది. భారత ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతుల సంఘం మృతుల సంఖ్య 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రచురణకు నోచుకోలేదు. రాబోయే హానిని ఊహించి చంపినా, జరిగిన హానికి ప్రతీకారమని చంపినా, రెండింటిలోను దోషం ఒకటే. ఎదుట నిలిచిన మనిషిని చూడకుండా, అతని జాతిని చూసి తీర్పు చెప్పడమే ఆ దోషం.

అదే నివేదికలో మరొక సంగతి కూడ ఉన్నది. కొన్నిచోట్ల హిందూ నేతపనివారు ముస్లిము నేతపనివారికి అడ్డంగా నిలిచి, తమ ప్రాణాలు పోగొట్టుకొని కూడ వారిని కాపాడారు. తమ పొరుగువాడు రేపు ఏమి చేస్తాడోనని వారు లెక్క వేయలేదు. ఇన్నేళ్లు ప్రక్క మగ్గం మీద అతడు ఏమి చేశాడో వారికి తెలుసు. మనిషికి సాధ్యమైన జ్ఞానం అదే.

ముగింపు

పై చర్చవల్ల మూడు విషయాలు తేలుచున్నవి. జాగ్రత్త పడడం ధర్మం. తలుపు గడియ పెట్టుకొనుట, కాపలా ఉంచుట, దూరాన నిలిపి ప్రశ్నించుట ఇందులోనివే. యుద్ధ సందర్భంలో కూడ ముందుజాగ్రత్త వహించమని ఖుర్ఆన్ ఆదేశించింది. దాడిని అడ్డుకొనుట హక్కు, అది చాలినంత మేరకే. అనుమానం మీద ప్రాణం తీయుట మాత్రం ఏ ప్రళయంలోను హలాల్ కాదు. ఒప్పందం చేసుకొన్న పక్షం ద్రోహం చేయగలదన్న భయం కలిగినప్పుడు సయితం, ఆ ఒప్పందాన్ని బాహాటంగా వారికి తిరిగి ఇవ్వమని అన్ఫాల్ సూరా ఆజ్ఞాపించింది గాని, చాటుగా మీదపడుటకు అనుమతించలేదు.

మన పిల్లలు ఈ కథలు చదవరాదని నిషేధించడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. వారితో కలిసి చదివి, నాయకుడు తుపాకి ఎత్తినచోట ఆపి, ఆ క్షణాన అతనికి నిజంగా తెలిసినదేమిటని అడిగితే చాలును. ఈ ప్రశ్న అలవాటైన పిల్లవాడు రేపు వీధిలో గుంపు చేరినప్పుడు, చేతిలోకి రాయి తీసుకొనేముందు అదే ప్రశ్న తనకు వేసుకొంటాడు. ప్రళయ ఘడియ వచ్చినప్పుడు చేతిలో మొక్క ఉంటే, వీలైనంతలో దానిని నాటమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధను మన పిల్లలకు ఈ కథల నడుమనే చెప్పవలసి ఉన్నది. అల్లాహ్ మనకు మన భయాలపై అదుపును ప్రసాదించుగాక!