మన బడి వెబ్‌సైట్ ఎందుకు ఆలస్యం?

హోసూరు ప్రాంతంలోని ఒక తెలుగు మాధ్యమ బడి వెబ్‌సైట్‌ను పూర్వ విద్యార్థులం కొందరం చూసుకుంటున్నాం. వేసవి ప్రవేశాల కాలం. పిల్లవాణ్ని తెలుగులో చేర్చాలా, ఇంగ్లిషులోనా అని ఊగిసలాడే తల్లి రాత్రి పనులయ్యాక ఫోన్లో బడి పేరు కొడుతుంది. తెల్లటి తెర. కాసేపు చూసి వెనక్కి వెళ్తుంది. ఆ కిందే ఉన్న ఇంగ్లిషు మీడియం స్కూలు పేజీ వెంటనే తెరుచుకుంటుంది. పదిమంది పిల్లలు తగ్గితే తెలుగు విభాగం ఉంటుందా పోతుందా అనే మాట మొదలయ్యే మన బడులకు ఇది చిన్న సంగతి కాదు.

ఈ ఫిర్యాదు మొదట మాకు అర్థమే కాలేదు. మేం తెరిస్తే బాగానే వచ్చేది. హెడ్మాస్టరు గారు తెరిచినా వచ్చేది. "మీ సిగ్నలు సరిగా లేదేమోనమ్మా" అని తల్లిదండ్రులకే చెప్పి పంపించాం కూడా. తప్పు మాదేనని తర్వాత తెలిసింది.

మాది వర్డ్‌ప్రెస్ సైటు. ఎవరైనా పేజీ అడిగినప్పుడు సర్వర్లో పీహెచ్‌పీ ప్రోగ్రాం కదులుతుంది, డేటాబేస్‌లోంచి వివరాలు తెస్తుంది, పేజీ కట్టి పంపుతుంది. ఈ శ్రమ ప్రతిసారీ ఎందుకని, కట్టిన పేజీని ఒక ఫైలుగా దాచి తర్వాత వచ్చినవాళ్లకు అదే ఇస్తారు. దీన్నే పేజీ క్యాషింగ్ అంటారు (డబ్బుల క్యాష్ కాదు). దాచిన ప్రతికి గడువుంటుంది. గడువు తీరితే మళ్లీ కట్టాల్సిందే.

చిక్కు ఇక్కడే. రద్దీగా ఉండే హోటల్లో ఒక వాయి ఇడ్లీ దించేలోగా మరో వాయి సిద్ధమవుతుంది, ఎవరొచ్చినా వేడిగా దొరుకుతుంది. రోజుకు నలుగురొచ్చే హోటల్లో మనిషిని చూశాకే పొయ్యి వెలిగిస్తారు. గడువు ఒక గంట అనుకోండి. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు వస్తే ఇద్దరూ మొదటివాళ్లే. దాచిన ప్రతి ఎవరికీ అందకుండానే పోతుంది. మేం మాత్రం ఒకటికి రెండుసార్లు తెరిచి చూసేవాళ్లం. రెండోసారి వేగంగా వచ్చేది. ఆ తల్లి తెరిచేది ఒక్కసారే.

అందుకని పరీక్షించే పద్ధతి మార్చాం. సైటును చాలాసేపు ఎవరూ తెరవని వేళ, వైఫై ఆపి, ప్రైవేటు విండోలో ఒక్కసారే తెరవాలి. ఆ మొదటి అనుభవమే లెక్క.

మా బడి సైట్లో నెలకు రెండు మూడు సంగతులు మారితే ఎక్కువ. గంట గడువు దేనికి? వారానికి పెంచాం. సందర్శకుడి కోసం చూడకుండా పేజీలను ముందే కట్టి ఉంచే ప్రీలోడ్ సదుపాయం చాలా క్యాషింగ్ ప్లగిన్లలో ఉంటుంది, దాన్ని ఆన్ చేశాం. అదీ మొదట సరిగా నడవలేదు. వర్డ్‌ప్రెస్‌లో వేళకు జరగాల్సిన పనులు మామూలుగా ఎవరో ఒకరు సైటు తెరిచినప్పుడే కదులుతాయి. ఎవరూ రాకపోతే గడియారమే ఆగినట్టు. ఉదయం ఆరింటికి రావాల్సిన నోటీసు, ఎవరో తెరిచాక పదింటికి బయటపడేది. హోస్టింగ్ ప్యానెల్లో క్రాన్ జాబ్స్ అనే చోట పదిహేను నిమిషాలకోసారి ఆ పనులను పిలిచేలా పెట్టాక కుదుటపడింది.

సీడీఎన్ పెడితే చాలదా అని అడుగుతారు. ఫొటోలకు మేలే. కానీ చాలా సీడీఎన్‌లు పేజీని అడగకుండా దాచవు. దాచినా, హోసూరువాళ్ల కోసం చెన్నై కేంద్రంలో ఉన్న ప్రతి, షోలాపూర్‌లో స్థిరపడ్డ మా పాత విద్యార్థికి ముంబయి కేంద్రంలో దొరుకుతుందని లేదు.

ఇక క్యాషింగ్ తీర్చలేని బరువొకటి మన సైట్లన్నిటా కనిపిస్తుంది. నోటీసును అను ఫాంట్లలో టైపు చేసి, అది వెబ్‌లో అక్షరాలుగా రాదు కనుక బొమ్మగా స్కాన్ చేసి పెడతాం. యూనికోడ్‌లో తెలుగు అక్షరానికో గుర్తుకో మూడు బైట్లు పడుతుంది. వెయ్యి ఉన్న నోటీసు మూడు కిలోబైట్లు. అదే స్కాన్ బొమ్మ దానికి వందల రెట్లు ఉండొచ్చు, పైగా వెతికితే దొరకదు. మేం పాత నోటీసులన్నీ మళ్లీ టైపు చేశాం. విసుగు పనే, కానీ అన్నిటికన్నా ఎక్కువ తేడా దీంతోనే కనిపించింది.

ఒక దెబ్బ కూడా తిన్నాం. గడువు వారానికి పెంచాక ప్రవేశాల తేదీ ఒకరోజు ముందుకు జరిగింది. నోటీసు పేజీ మారింది కానీ, ముఖపేజీ పక్కన ఉన్న చిన్న పెట్టెలో పాత తేదీ అలాగే నిలిచిపోయింది. మనవణ్ని వెంటబెట్టుకుని ఒక పెద్దాయన మర్నాడు వచ్చారు. "ఏమప్పా, ఫోన్లో ఈ తేదీనే కదా ఉండాది?" అని తెర చూపించారు. పిల్లవాణ్ని చేర్చుకున్నారు. ఇప్పుడు తేదీ మార్చిన ప్రతిసారీ క్యాష్ మొత్తం తుడిచి, ముఖపేజీని మేమే మొదటివాళ్లుగా తెరుస్తున్నాం.