దెయ్యానికి పారితోషికం అక్కర్లేదు

దగ్గరికొస్తే దెయ్యం వస్తుంది. 2013 జూన్ 7న విడుదలైన ‘ప్రేమకథా చిత్రమ్’ ఈ ఒక్క షరతు మీదే నడిచింది. సుధీర్‌బాబు నందిత మీద మనసు పడతాడు. తీరా చనువు పెరిగి దగ్గరయ్యే వేళకి ఆ పిల్ల చూపు మారిపోతుంది, గొంతు మారిపోతుంది, అబ్బాయి వీపు విమానం మోత మోగుతుంది. హాల్లో కూర్చున్నవాడికి ఏకకాలంలో మూడు ఆత్రాలు. ముద్దు పడుతుందా? దెయ్యం వస్తుందా? వస్తే వీడి గతేం కాను? ప్రేమ, భయం, నవ్వు ఒకే ముడిలో పడ్డాయి. ఏ ఒక్కదాన్ని లాగినా మిగతా రెండూ కదులుతాయి.

హిట్టవగానే అందరి కళ్లూ కలెక్షన్ల మీద పడ్డాయి గానీ, ఈ ముడి గురించి మాట్లాడుకున్నవాళ్లు తక్కువే. ఆ తర్వాత వచ్చిన అరడజను సినిమాలు చతికిలపడింది సరిగ్గా ఇక్కడే.

దెయ్యంతో కాపురం మనకు కొత్తేం కాదు. 1978లో ‘జగన్మోహిని’ తీసిన బి.విఠలాచార్య మోహినీ పిశాచాన్ని ఏకంగా వంటింట్లో కూర్చోబెట్టారు. కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి జయమాలిని వంట చేస్తుంటే భయపడాలో నవ్వాలో తేల్చుకోలేక జనం రెండూ చేశారు. డేట్లు సరిగ్గా ఇవ్వని హీరోని చిలకగానో మేకగానో మార్చేసి కథ నడిపించేసేవారని ఆయన గురించి పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో అతిశయోక్తి పాలెంతున్నా కిటుకు మాత్రం నిజం. డబ్బు లేనిచోట మాయ పనికొస్తుంది. ఏ బడ్జెట్‌లోనైనా ఒదిగిపోయే స్టారు దెయ్యమే. దానికి కారవాన్ అక్కర్లేదు, కాల్షీట్ల గొడవ లేదు. అసలు మనిషి కనిపించకపోయినా తలుపు చప్పుడుతో సీను గట్టెక్కించేస్తుంది.

మచిలీపట్నం నుంచి వచ్చిన మారుతి ఈ లెక్క బాగా తెలిసినవాడు. 2012లో ‘ఈ రోజుల్లో’ని కెనాన్ 5డి స్టిల్ కెమెరాతో తీసి థియేటర్లలో ఆడించాడు. ఖర్చు అర కోటి దగ్గర్లో తేలిందని అప్పట్లో చెప్పుకున్నారు. మామూలుగా పెద్ద సినిమా ఒక్క పాటకే అయిపోయే డబ్బది. ‘ప్రేమకథా చిత్రమ్’కి కథ, మాటలు మారుతివి, దర్శకుడిగా పేరు పడింది ఛాయాగ్రాహకుడు జె.ప్రభాకరరెడ్డిది. సంగీతం జె.బి.

డిజిటల్ కెమెరా చేసిన మేలు ఖర్చు తగ్గించడం ఒక్కటే అనుకుంటారు. హాస్యానికి అది చేసిన మేలు వేరే ఉంది. 35 ఎం.ఎం. నెగెటివ్ రోజుల్లో 400 అడుగుల రోలు వేస్తే నాలుగున్నర నిమిషాలు కూడా వచ్చేది కాదు. రోలు తిరుగుతుంటే నిర్మాత గుండె తిరిగేది. అలాంటప్పుడు కొత్త కమెడియన్‌ని ‘నీ ఇష్టం, నువ్వు చెయ్యి’ అని వదిలేసే ధైర్యం ఎవరికుంటుంది? కార్డులో రికార్డయ్యే కాలానికి ఆ దిగులు లేదు. ఇంకో టేకు అంటే ఇంకాసేపు ఆగడమే.

‘ప్రేమకథా చిత్రమ్’లో కమెడియన్ సప్తగిరి పేలింది ఈ వెసులుబాటు పుట్టిన కాలంలోనే. దెయ్యం ఎదుట పడ్డప్పుడు ఆయన పని గమనించండి. మాట మామూలుగానే మొదలవుతుంది. సగానికొచ్చేసరికి గొంతు పైస్థాయికి పాకుతుంది. చివరి ముక్కలకి ఊపిరి చాలక అది మాటో ఏడుపో తెలియకుండా పోతుంది. ఆ గోలలో ఒక్కో ముక్క అర్థం కాకపోయినా పర్లేదు, భయం అర్థమవుతుంది, నవ్వొస్తుంది. దెయ్యాన్ని చూపించాలంటే గ్రాఫిక్స్ కావాలి. దెయ్యాన్ని చూసినవాడి మొహం చూపించడానికి క్లోజప్ చాలు. పక్కన మరో కమెడియన్ ప్రవీణ్ బిక్కచచ్చిపోయి నిలబడితే సీను ఇంకో మెట్టు ఎక్కుతుంది. అప్పటిదాకా చిన్నాచితకా వేషాలు వేసుకున్న సప్తగిరి 2016కల్లా తన పేరుతోనే ‘సప్తగిరి ఎక్స్‌ప్రెస్’లో హీరో అయ్యాడు.

‘ప్రేమకథా చిత్రమ్’లో లోపాలు లేవని కాదు. కథ మొదలయ్యేదే కలిసి చచ్చిపోదామని ఒక ఇంటికి వెళ్లిన కుర్రకారుతో. అప్పుడు నవ్వేశాం గానీ ఆత్మహత్యని అంత తేలిగ్గా ఆడుకోవడం ఇవాళ చూస్తే పంటికింద రాయిలా తగులుతుంది. దెయ్యం ఫ్లాష్‌బ్యాక్ మరీ మొక్కుబడి. మన దెయ్యాలకి పగ లేకపోతే సెన్సారు సర్టిఫికెట్ ఇవ్వరేమోనన్నట్టు ప్రతి సినిమాలోనూ ఎవరో ఒక దుర్మార్గుడు, ఒక అన్యాయం, చివర్లో ఓ తన్నుడు. అప్పటిదాకా కట్టిన మూడు పోగుల ముడిని ఆ పది నిమిషాలు వదులు చేసేస్తాయి.

అయినా జనం క్షమించారు. కన్నడంలో 2014లో ‘చంద్రలేఖ’గా వెళ్లింది. తెలుగులో ఇక బంగళాలకు గిరాకీ పెరిగింది. అదే ఏడాది అంజలితో ‘గీతాంజలి’, మరుసటేడు ఓంకార్ ‘రాజుగారి గది’ ఆడాయి. పెద్ద నోట్లు రద్దయిన పది రోజులకి, జేబులో చిల్లర లేని జనం ముందుకొచ్చిన నిఖిల్ ‘ఎక్కడికి పోతావు చిన్నవాడా’ కూడా గట్టెక్కింది. వీటి మధ్య వచ్చి వెళ్లినవి బోలెడు. వాటికి ఇల్లు దొరికింది, కమెడియన్లు దొరికారు, అర్ధరాత్రి దొరికింది. హీరో హీరోయిన్ల ప్రేమకీ దెయ్యానికీ సంబంధమే దొరకలేదు. పాట ఒకచోట, భయం ఒకచోట, నవ్వు ఇంకోచోట. 2019లో వచ్చిన ‘ప్రేమకథా చిత్రమ్ 2’కి పేరు కలిసొచ్చినా జాతకం కలిసిరాలేదు.

ముడిని తిరగేసి కట్టినవాడు మహి వి.రాఘవ్. 2017 నాటి ‘ఆనందో బ్రహ్మ’లో మనుషుల్ని చూసి దెయ్యాలు జడుసుకుంటాయి. ప్రేమ పాలు తక్కువే గానీ ఒక్క తిరకాసుతో ఇంట్లోని ప్రతి గదీ కొత్తదైపోయింది.

మారుతి సంగతికొస్తే, 2026 సంక్రాంతికి ప్రభాస్‌తో ‘ది రాజా సాబ్’ అంటూ అదే కలగలుపుని భారీ హవేలీలోకి మార్చాడు. ఇల్లు పెద్దదయ్యేకొద్దీ దెయ్యం చిన్నదైపోతుందని నా అనుమానం. నాకైతే ఈ కోవలో ఈమధ్య నచ్చింది అంతకు ముందు ఏడాది మేలో వచ్చిన ‘శుభం’. సమంత నిర్మాత, ‘సినిమా బండి’ తీసిన ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. భీమిలిలో కేబుల్ టీవీ నడుపుకునే కుర్రాడికి శోభనం రాత్రి పెళ్లాం పక్కన కూర్చునే యోగం లేదు. సీరియల్ టైమైతే చాలు, ఆమె కళ్లు టీవీకి అతుక్కుపోతాయి, అడ్డొస్తే అయిపోయాడే. పాత షరతే, ఈసారి రిమోట్ చేతికొచ్చింది. బంగళా కూడా అక్కర్లేదు, డాబా ఇల్లు సరిపోయింది. పగా ప్రతీకారం పక్కనపెట్టి, ఆడవాళ్లని పట్టిన ఆ దెయ్యాలు కోరేది ‘జన్మ జన్మల బంధం’ అనే ఆ సీరియల్ ముగింపు. మన డైలీ సీరియల్ ఎప్పుడు ముగుస్తుందో చెప్పడం మాత్రం మంత్రగాళ్ల వల్ల కూడా కాదు!