అల్లిక దుస్తులపై సుంకము – ప్రత్తి పాలు

మన సంఘసభ్యులలో ప్రత్తి పండించువారు పెక్కురు గలరు. తాము తూచి యిచ్చిన ప్రత్తి నూలై, బనియనై, ఓడ యెక్కి పరదేశపు రేవునకు చేరునప్పుడు అచ్చటి సుంకపుటధికారి దానిని ఏ విధముగా పరీక్షించునో యెఱిగినవారు మాత్రము అరుదు. ఆ గొడవ రైతున కేల యని కొందఱందురు. మా యభిప్రాయము వేఱు. బట్టలో ప్రత్తి యెంత కలదను ప్రశ్నపై సుంకము ఆధారపడునప్పుడు అది రైతు సంగతియే యగును.

సుంకము కట్టుటకు ముందు ప్రతి సరకునకును ఒక సంఖ్య నిర్ణయింతురు. ఇందులకై హార్మనైజ్డ్ సిస్టం అను పట్టిక 1988లో అమలునకు వచ్చినది. బ్రస్సెల్సు నగరమునందలి ప్రపంచ కస్టమ్సు సంస్థ దీనిని నిర్వహించుచున్నది. మన దేశమును, అమెరికాయును దీనినే అనుసరించుచున్నవి. మొదటి ఆఱంకెలు అందఱకు నొక్కటియే. తక్కిన యంకెలును, సుంకపు రేటును ఏ దేశమున కా దేశము ఏర్పఱుచుకొనును. అల్లిన దుస్తులు సాధారణముగా 61వ అధ్యాయమునందును, నేసినవి 62వ అధ్యాయమునందును చేరును.

నేతలో పడుగు, పేక యను రెండు వరుసల నూలు ఒకదాని నొకటి దాటును. అల్లికలో నూలు ఉచ్చులుగా మారి, ఒక యుచ్చులోనుండి మఱియొకటి దూరుచు పోవును. బనియను సాగుటకును, పంచె సాగకుండుటకును ఇదియే హేతువు. అయినను సాగుటను మాత్రమే చూచి నిర్ణయింపరాదు. సాగెడు నూలు కలిపి నేసిన బట్టయు సాగును. భూతద్దము పెట్టి ఉచ్చులు కలవో లేవో చూడవలెను.

పిమ్మట దుస్తు రకము. కాలరును, గుండీలును లేని పలుచని టీషర్టు 6109 శీర్షికలోనికి వచ్చును, స్వెటరు 6110లోనికి, మగవారి అల్లిక చొక్కా 6105లోనికి. అయితే నడుమునకు దిగువ జేబున్నను, అంచున బిగించు పట్టీ యున్నను, సెంటీమీటరునకు సగటున పదికంటె తక్కువ ఉచ్చులున్నను 6105 చెల్లదు. దుకాణదారు దానిని చొక్కా యని పిలిచినంత మాత్రమున లాభము లేదు. 86 సెంటీమీటర్లకు మించని యెత్తుగల పసిబిడ్డల దుస్తులకు 6111 ప్రత్యేకింపబడినది. అధికారి కొలుచునది బట్టనే గాని బిడ్డను కాదు!

ప్రత్తిరైతు శ్రద్ధగా గమనింపవలసిన మెట్టు దీని తరువాతిది. ప్రత్తి టీషర్టు 6109.10, ఇతర నారలది 6109.90. రెండు మూడు నారలు కలిసినచో తూకమున ఏది యెక్కువయో బట్ట యంతయు దానిదేయని భావింతురు. అమెరికా పట్టికలో ప్రత్తి టీషర్టునకు సాధారణ సుంకము నూటికి 16.5, పాలియెస్టరు మున్నగు కృత్రిమ నారల టీషర్టునకు నూటికి 32. 2025లో ఆ ప్రభుత్వము విధించిన అదనపు సుంకములు దీనిలో చేరవు. 200 గ్రాముల టీషర్టులో 102 గ్రాములు ప్రత్తియు, 98 గ్రాములు పాలియెస్టరును ఉన్నయెడల చిన్న రేటు; అంకెలు తాఱుమారైనచో పెద్ద రేటు. నాలుగు గ్రాముల ప్రత్తి యిటునుండి అటు పోవుటచేత సుంకము ఇంచుమించు రెట్టింపగుచున్నది.

సరిగా సగము సగమైనచో ప్రత్తి గెలుచునని తలంపరాదు. రెండును సమానమైనపుడు పట్టికలో చివర వచ్చునదానికే బట్ట చెందును. ప్రత్తిది 52వ అధ్యాయము. కృత్రిమ నారలవి 54, 55. కావున ప్రత్తి యోడును. మఱియొక చిక్కు కలదు. నూటికి 45 పాళ్లు ప్రత్తి, 30 పాలియెస్టరు, 25 విస్కోసు గల బట్టలో ప్రత్తియే అన్నిటికంటె హెచ్చుగా కనబడును. కాని కృత్రిమ నారల రెండధ్యాయములను ఒక్కటిగా కూడుదురు గనుక అవి 55 అగును. పెద్ద రేటే పడును.

కావుననే పరదేశపు కొనుగోలుదారు తిరుప్పూరువంటి చోటుల మిల్లువారితో బేరమాడునప్పుడు నారల పాళ్లను ముందుగనే కట్టడి చేయుట కలదు. పాలియెస్టరు చౌకగా దొరకు కాలమున మిల్లువాడు దానివైపు మొగ్గును. ఈ సుంకపు భేదమే అతనిని కొంత వెనుకకు లాగును. మన ప్రత్తిలో సంచుల పీచు పడుట వర్గీకరణమును మార్చదు గాని అద్దకమున మచ్చలై తేలి బేరమును చెఱచును. ఆ మాట వేఱుగా వ్రాయుదుము.

పాళ్ల విషయమున వివాదము కలిగినచో బట్టను ప్రయోగశాలలో పరీక్షింపింతురు. సందేహముగల దిగుమతిదారు ముందుగనే నమూనా పంపి, అమెరికా కస్టమ్సు వారి నిర్ణయమును వ్రాతమూలముగా పొందవచ్చును. అట్టి నిర్ణయములను వారు ప్రచురించుచుందురు.