ఒక్క లాంగ్వేజ్ చాలా? నాలుగైదు రావాలా?

ప్రోగ్రామింగ్‌లోకి వచ్చే ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఇది.

అమీర్‌పేటలో బోర్డులు చూస్తే జావా, పైథాన్, డాట్‌నెట్... అన్నీ నేర్చేసుకోవాలనిపిస్తుంది. కానీ ఒక్కోదానికి నెల చొప్పున తిరిగితే, ఇంటర్వ్యూలో ఏ ఒక్కదాంట్లోనూ సొంతంగా ప్రోగ్రామ్ రాయలేం.

అందుకే ముందు ఒక్కటి గట్టిగా పట్టుకోండి. లూప్, ఫంక్షన్, ఎర్రర్ వస్తే ఎక్కడ వెతకాలి... ఇవి వచ్చాయంటే రెండో లాంగ్వేజ్‌కి సగం పని అయిపోయినట్టే. సైకిల్ వచ్చినవాళ్లకి బండి నేర్పడం ఎంతసేపు?

అలాగని అక్కడే ఆగిపోవద్దు. ఆండ్రాయిడ్ యాప్స్ మొదట్లో ఎక్కువగా జావాలోనే రాసేవాళ్లు. 2017లో గూగుల్ కోట్లిన్‌కి సపోర్ట్ ప్రకటించింది. 2019కల్లా కోట్లిన్‌కే మొదటి ప్రాధాన్యం అంది. జావా అర్థం చేసుకుని నేర్చుకున్నవాళ్లకి ఈ మార్పు పెద్ద కష్టం కాదు. బట్టీ పట్టినవాళ్లకి మాత్రం కథ మళ్లీ మొదటికి!

రెండోది కొంచెం తేడాగా ఉండేది ఎంచుకోండి. పైథాన్ మెమరీని తనే చూసుకుంటుంది. సి లో అయితే మాలక్‌తో మనమే అడిగి తీసుకోవాలి, ఫ్రీతో మనమే వదలాలి. అప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది.

ఇవాళే ఒక పరీక్ష పెట్టుకోండి. మీకొచ్చిన లాంగ్వేజ్‌లో, ఎక్కడా చూడకుండా ఒక చిన్న ప్రోగ్రామ్ రాయండి. రాయగలిగారా? అయితే రెండోది మొదలుపెట్టొచ్చు.