ఎం4 అను మాక్రో సాధనము

సంస్కృత వ్యాకరణములో పాణిని స్వరముల నన్నిటిని "అచ్" అను చిన్న పేరునను, వ్యంజనముల నన్నిటిని "హల్" అను పేరునను ఇమిడ్చెను. మన తరగతులలో అచ్చులు, హల్లులు అను మాటలు వచ్చినది అందుండియే. చిన్న పేరు వ్రాసి, దానికి బదులు పెద్ద విషయమును గ్రహించుట యీ పద్ధతి. ఇట్టి పనినే కంప్యూటరుచేత జేయించు సాధనమునకు మాక్రో ప్రాసెసరు అని పేరు. వానిలో ప్రసిద్ధమైన ఎం4ను గూర్చి మా చదువరులకు దెలుప నుద్దేశించితిమి.

నిరుడు వార్షికోత్సవపు ఆహ్వానములను తరగతికొక ఫైలు చొప్పున సిద్ధపరచితిమి. పిదప తేది వారము వెనుకకు జరిగెను. ఫైళ్లన్నియు దిద్దితిమనుకొంటిమి గాని యొకదానిలో పాత తేదియే నిలిచిపోయెను. ఆ తరగతి పిల్లల తలిదండ్రులు కొందఱు పొరుగూళ్లనుండి వచ్చి, తాళము వేసిన హాలును జూచి మరలిపోయిరి. ఆ సిగ్గుచేతనే మేమీ సాధనమును నేర్చుకొంటిమి.

ఇందు "డిఫైన్" అను ఆజ్ఞచే నొక పేరును, దాని విస్తరణమును ముందుగా నిర్ణయింపవలెను. "డేట్" అనగా "మార్చి 14" అని యొక్కచోట వ్రాసినచో, అటుపిమ్మట ఆ పేరున్న చోటనెల్ల ఆ తేదియే వచ్చును. పేరు ఆంగ్లాక్షరములలో నుండవలెను; విస్తరణము తెలుగులో నుండవచ్చును. పూర్తిపదమునే గాని పదములోని ముక్కను ఇది ముట్టదు. కావున "అప్‌డేట్" అను మాటకు హాని లేదు. పేరు వెంబడి కుండలీకరణములలో తరగతిని, ఉపాధ్యాయుని పేరును ఇచ్చినచో, విస్తరణములో డాలరు గుర్తుతో 1, 2 అని వ్రాసిన స్థలములలో నవి క్రమముగా వచ్చి చేరును. పండ్రెండు ఆహ్వానములకు నొక్క నమూనా చాలును.

అయితే ఎం4 తాను విస్తరించినదానిని మరల మొదటినుండి చదువును. దీని బలమును, దీని ప్రమాదమును ఇదియే. మేము "స్కూల్" అను పేరునకు "మన స్కూల్" అని విస్తరణము వ్రాసితిమి. వెంటనే తెరపై "మన మన మన" యని అంతులేక పరుగెత్తసాగెను! లోపలి "స్కూల్" అను మాట మరల విస్తరింపబడుటయే కారణము. ఆ మాటను వేఱుగా నుద్ధరణ చిహ్నములలో నుంచగనే శాంతించెను.

క్రిస్టఫర్ స్ట్రాచీ 1965లో ప్రకటించిన జీపీఎం ఈ జాతి సాధనములకు పూర్వము. బెల్ ప్రయోగశాలలోని డెన్నిస్ రిచీ ఎం3 వ్రాసెను. పిదప 1977లో బ్రయన్ కెర్నిగన్, రిచీలు ఎం4ను రచించిరి. రెనే సైండల్ 1990లో గ్నూ సంస్థ పక్షమున దీనిని క్రొత్తగా వ్రాసెను. ఈ గ్నూ ప్రతికి మూల్యము లేదు. దాని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. ప్రోగ్రాములను వేర్వేరు యంత్రములకు అనుగుణముగా నమర్చు ఆటోకాన్ఫ్ దీనిమీదనే నిలిచియున్నది.

ఆంగ్లములో వ్రాయువారికొక మాట. ఉద్ధరణమును ముగించు చిహ్నము ఆంగ్ల అపాస్ట్రఫీయే యగుటచే, ఉద్ధరణములో "డోంట్" వంటి మాట వచ్చినచో అక్కడనే ముగిసినదని ఎం4 భ్రమపడును. "ఛేంజ్‌కోట్" అను ఆజ్ఞచే చదరపు బ్రాకెట్లను ఉద్ధరణ చిహ్నములుగా మార్చుకొనవలెను. ఆటోకాన్ఫ్ నందును అట్లే యున్నది.